"తీసింది వాడు, నేను పక్కన ఉన్నానంతే" అంటే కేసు పోతుందా?

డాలస్ ప్రాంతానికి కొత్తగా చదువుకోవడానికి వచ్చిన పిల్లలు నన్ను అడిగే సందేహాల్లో, వినగానే గుండె గుభేలుమనేది ఒకటుంది: "అంకుల్, దుకాణంలో డబ్బు కట్టకుండా వస్తువు తీసింది నా రూమ్మేటు, నా మీద కేసు ఎలా పెడతారు?" మన దగ్గర ఎఫ్ఐఆర్‌లలో ఏ1, ఏ2 అని రాయడం చూసినవారికి జవాబు సగం తెలిసే ఉంటుంది. ఉమ్మడి ఉద్దేశంతో చేసిన నేరానికి అందరూ బాధ్యులేనని అక్కడ 2024 దాకా అమల్లో ఉన్న ఐపీసీ 34వ సెక్షను చెప్పినట్టే, ఇక్కడ టెక్సస్ శిక్షాస్మృతి 7.02 సెక్షను కూడా, నేరం జరగాలన్న ఉద్దేశంతో పురికొల్పినా, సాయపడినా, సాయపడబోయినా ఆ నేరానికి మీరూ బాధ్యులేనంటుంది.

ఉత్తినే పక్కన నిలబడటం నేరం కాదన్న మాట నిజమే. అయితే మనసులోని ఉద్దేశాన్ని చేతలను బట్టే నిర్ణయిస్తారు. మనమే బిల్లు వేసుకునే సెల్ఫ్ చెకౌట్ దగ్గర ఒకరు నెయ్యి సీసాను స్కాన్ చేయకుండా సంచిలో వేస్తుండగా, రెండోవారు కార్టును అడ్డంగా జరిపి, సిబ్బంది ఎటు చూస్తున్నారోనని రెండుసార్లు తల తిప్పితే, ఆ కాసేపటి వీడియోయే సాక్ష్యమవుతుంది. సంగతి తెలిసి బయట కారు సిద్ధంగా ఉంచినవారి పరిస్థితీ అంతే.

సరుకు విలువను ఇద్దరికీ చెరిసగం పంచరని కూడా గుర్తుంచుకోండి. విలువ 100 నుంచి 750 డాలర్ల లోపైతే 180 రోజుల వరకు, 750 నుంచి 2,500 లోపైతే ఏడాది వరకు జైలు పడవచ్చు. అనుకుని వచ్చి చెరో 400 డాలర్ల సరుకు తీస్తే ఇద్దరి మీదా 800 డాలర్ల కేసు పెట్టే వీలుంది. అమెరికాలో అడుగుపెట్టిన ఐదేళ్లలోపు, ఏడాది శిక్షకు వీలున్న ఇలాంటి నేరం చేసి దోషిగా తేలితే దేశం నుంచి పంపించేయవచ్చు. దొంగతనానికి సాయపడటం ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలోనూ దొంగతనమేనని అమెరికా సుప్రీంకోర్టు 2007లో తేల్చింది.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది "తప్పు ఒప్పుకో, కొన్నాళ్లు ప్రొబేషన్‌లో, అంటే కోర్టు పర్యవేక్షణలో, ఉంటే కేసు కొట్టేస్తారు" అని తోటివారు ఇచ్చే సలహా. డిఫర్డ్ అడ్జుడికేషన్ అనే ఈ ఏర్పాటు పూర్తయితే టెక్సస్ కోర్టు లెక్కలో మీరు దోషి కారు; కానీ నేరం ఒప్పుకుని, కోర్టు ఏదో ఒక ఆంక్ష విధించిందంటే ఇమిగ్రేషన్ లెక్కలో దోషిగా తేలినట్టే. ఇది తెలియక సంతకం పెట్టి, కేసు ముగిసిందన్న ధీమాతో ఇండియా వెళ్లి, వీసా స్టాంపింగ్ దగ్గర ఆగిపోయిన ఒక అబ్బాయి తల్లి ఫోనులో ఏడ్చిన ఏడుపు నేను విన్నాను.

అందుచేత దుకాణం వెనక గదిలో ఇచ్చే ఒప్పుకోలు కాగితం మీద సంతకం చేయకండి. పోలీసులకు పేరు, పుట్టినతేదీ, చిరునామా నిజంగా చెప్పి, మిగతాది లాయరుతో మాట్లాడాకే చెబుతానని మర్యాదగా అనండి. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపించే ప్రమాదముందేమో చెప్పడం క్రిమినల్ లాయరు బాధ్యతేనని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది కనుక, మొదటి సమావేశంలోనే మీ వీసా కాగితాలు ఆయన ముందు పెట్టి ఆ ప్రశ్న అడగండి.