పాత జాజ్‌ను ఎలా వినాలి?

ప్రశ్న: ఇంటర్నెట్ రేడియోలో 1920ల నాటి జాజ్ వింటున్నాను. అందరూ ఒకేసారి వాయిస్తున్నట్టు గందరగోళంగా ఉంది. ఎలా వినాలి?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: నిజంగానే అందరూ ఒకేసారి వాయిస్తారమ్మా, దాని అందమే అది! జాజ్ పుట్టిన అమెరికా నగరం న్యూ ఓర్లీన్స్ బ్యాండ్లలో కార్నెట్ (చిన్న ట్రంపెట్ లాంటి బూర) వరస నడుపుతుంది, క్లారినెట్ దాని పైన అల్లుకుపోతుంది, ట్రాంబోన్ (గొట్టం జరుపుతూ ఊదే పెద్ద బూర) కింద నుంచి పట్టు ఇస్తుంది. ఒక పాటంతా క్లారినెట్ వెంటే వెళ్లండి. తర్వాతి పాటలో ట్రాంబోన్ వెంట. నాలుగు రోజుల్లో చెవి అలవాటు పడుతుంది.

1925 ప్రాంతంలో మైకులు వచ్చేదాకా రికార్డింగ్ కోసం పెద్ద గొట్టం ముందు నిలబడి వాయించేవారు. 1923లో కింగ్ ఆలివర్ బ్యాండ్ రికార్డింగుల్లో కార్నెట్ వాయించే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను దూరంగా నిలబెట్టారని చెబుతారు, అంత గట్టి ఊపిరి ఆయనది! 1925–28 మధ్య ఆయన తన హాట్ ఫైవ్, హాట్ సెవెన్ బ్యాండ్లతో చేసిన రికార్డులు తప్పక వినండి. నాకు వాటికంటే ఇష్టమైనవి లేవు.

జగదాంబ సెంటర్ దగ్గర మా ఇంట్లో షార్ట్‌వేవ్‌లో వాయిస్ ఆఫ్ అమెరికా పట్టుకుని, అందులో జాజ్ కార్యక్రమం నడిపిన విల్లిస్ కోనోవర్ నిదానంగా చెబుతుంటే ఈ పేర్లన్నీ నేర్చుకున్నాను.

ఇంకోటి, ట్రెబుల్ (సన్నని, హెచ్చు స్వరాల మోత) కాస్త తగ్గించండి. పాత రికార్డుల సూది గరగర తగ్గుతుంది.