బడి ఎగ్గొట్టి కాలువ గట్టున కూర్చున్నాడు

ప్రశ్న: మాది తెనాలి. మా బాబుకు పన్నెండేళ్ళు, ఏడో తరగతి. ఆరు నుంచే ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌లో వేశాం. పొద్దున ఏడింటికి బస్సెక్కితే రాత్రి ఏడింటికి ఇల్లు చేరతాడు. హోంవర్క్ అయ్యేసరికి పదిన్నర. అయిదున్నరకు మళ్ళీ లేపుతాను. రేపల్లె దగ్గర మా అమ్మ వాళ్ళ ఊరంటే వాడికి ప్రాణం. దసరా సెలవులైపోయి తిరిగొచ్చేటప్పుడు అక్కడి వేపచెట్టు పట్టుకుని రానని ఏడ్చాడు. ఆదివారం రాత్రయితే కడుపునొప్పి అంటాడు. పోయిన వారం స్కూల్ బస్సెక్కకుండా రోజంతా కాలువ గట్టున కూర్చుని, సాయంత్రం ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చాడు. స్కూలు నుంచి మెసేజ్ చూసి మా వారు బెల్టు తీశారు. మార్కులు వచ్చేదాకా అమ్మమ్మ ఊరు లేదు, వచ్చే ఏడు హాస్టల్లో పడేస్తానంటున్నారు. సార్లేమో ఏకాగ్రత లేదంటున్నారు. మా మామగారు కౌలు చేసి అప్పులపాలయ్యారు. ఈయన ఎరువుల కొట్టులో గుమాస్తా. "మట్టిలోంచి బయటపడటానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది, వీడు మళ్ళీ మట్టిలోకే పోతానంటాడు" అని ఆయన బాధ. ఆ రోజు వాడు రఫ్ నోట్స్‌లో రాసుకున్న పేజీ ఫొటో పంపుతున్నాను. నన్నేం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ పేజీ సంగతి మాట్లాడుకుందాం. పైన సగం చేసి కొట్టేసిన భిన్నాల లెక్క. దాని కింద ఇలా ఉంది: "9.10 కరెంటు తీగ మీద లకుముకి పిట్ట. నలుపు తెలుపు. 9.25 గాల్లో ఒక్కచోటే ఆగి రెక్కలు కొట్టింది, దూకింది. చేప లేదు. 9.40 మళ్ళీ దూకింది. చేప. 11.40 ఇంకోటి వచ్చింది. మొదటిదానికి గుండె మీద రెండు నల్ల గీతలు, దీనికి ఒకటే. ఎందుకు?" ఆ తర్వాత పెరుగన్నం తిన్నట్టు, చీమలకు కొంచెం పెట్టినట్టు. 3.50కి రెండూ ఎగిరిపోయాయట.

ఏకాగ్రత లేదన్న సార్లకు ఈ పేజీ చూపించాలనిపించింది నాకు. ఎవరూ చెప్పకుండా, మార్కులు ఇవ్వకుండా, పన్నెండేళ్ళ పిల్లాడు ఆరేడు గంటలు ఒక్కచోట కూర్చుని టైము వేసుకుంటూ రాశాడు. చేప దొరకని దూకుడు కూడా వదలకుండా రాశాడు చూడండి, అది నాకు బాగా నచ్చింది.

అలాగని వాడు చేసింది ఒప్పని కాదు. నిండు కాలువ పక్కన రోజంతా ఒక్కడే ఉన్నాడు. తలుచుకుంటేనే భయమేస్తుంది. ఆ మాట వాడికి చెప్పాల్సిందే. "నువ్వు ఎక్కడున్నావో మాకు తెలియకపోవడం మాకు భయం" అని మామూలు గొంతుతో చెప్పండి. బెల్టు ఆ మాట చెప్పలేదు. ఈసారి దొరక్కుండా వెళ్ళాలని మాత్రం నేర్పి ఉంటుంది. మీ వారు కొట్టినందుకు సారీ చెబితే ఆయన పెద్దరికం ఏమీ తగ్గదు.

ఇంకో విషయం తేల్చుకోవాలి. వాడు ఊరి కోసం వెళ్తున్నాడా, స్కూల్లో దేన్నుంచో పారిపోతున్నాడా? రెండూ ఒకటి కావు. ఆదివారం రాత్రి కడుపునొప్పి నాకు అనుమానం కలిగిస్తోంది. ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించండి. కడుపులో ఏమీ లేదంటే స్కూలు గురించి అడగండి. "ఎవరైనా ఏమైనా అన్నారా" అని నిలదీస్తే "ఏం లేదు" అంటాడు. అన్నం కలుపుతూనో, బండి మీద వెళ్తూనో, మొహం మొహం చూసుకోని చోట, "సోమవారం ఫస్ట్ పీరియడ్ ఏంట్రా? ఎలా ఉంటుంది?" అని మొదలుపెట్టండి. కొట్టే సారో, ఏడిపించే పిల్లలో, ర్యాంకుల వారీగా బెంచీలు మార్చడమో బయటికి రావచ్చు. 2009 నాటి విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ప్రైవేటు స్కూలుకి మినహాయింపు లేదు.

ఇప్పుడు అసలు మాట. అమ్మమ్మ ఊరిని మార్కులకు తాకట్టు పెట్టకండి. మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది బెల్టు కాదు, ఇదే. మా పెద్దవాడి విషయంలో ఇదే తప్పు నేనూ చేశాను, యూనిట్ టెస్టుకీ క్రికెట్‌కీ ముడిపెట్టి. మార్కులు రాలేదు, వాడు క్రికెట్ గురించి నాతో మాట్లాడటం మానేశాడు. పిల్లాడికి ఊపిరాడే చోటు ఒక్కటే ఉన్నప్పుడు దాన్నే లాక్కుంటే, చదువు ఆ చోటికి శత్రువని మనమే చెప్పినట్టవుతుంది. సంక్రాంతికి వాణ్ని ఊరు తీసుకెళ్ళండి. మార్కులు ఎన్నొచ్చినా సరే. ఆ మాట ఇప్పుడే చెప్పేయండి.

మీ వారిది మూర్ఖత్వం అని నేననుకోవడం లేదు. ఆయనకు మట్టి అంటే కౌలు, వడ్డీ, తండ్రి దిగాలు మొహం. కొడుక్కి మట్టి అంటే వేపచెట్టు, లకుముకి పిట్ట. ఇద్దరూ ఒకే మాట అంటున్నారు, చూసేది మాత్రం వేర్వేరు. వాడు రైతునవుతానని ఎక్కడా అనలేదు కదా! కాసేపు బయట కూర్చోనివ్వమని మాత్రమే అడుగుతున్నాడు. ఈ సంగతి ఆయనతో వాడి ఎదురుగా కాకుండా, మీరిద్దరే ఉన్నప్పుడు మాట్లాడండి. "మీరు చిన్నప్పుడు ఈత ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగి మొదలుపెట్టి చూడండి. కౌలు రైతు కొడుకు కాబట్టి కాలువలోనో చెరువులోనో అని నా ఊహ.

లెక్క కావాలంటే ఇదిగో. అదే విద్యా హక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు, 1000 గంటల బోధన ఉండాలంది. రోజుకు నాలుగున్నర గంటల చిల్లర. మీ వాడు బస్సుతో కలిపి పన్నెండు గంటలు ఇంటికి దూరంగా ఉంటున్నాడు. భోజనం, బస్సు తీసేసినా ఆ వెయ్యి గంటలూ నాలుగైదు నెలల్లో అయిపోతాయి. నిద్ర చూస్తే ఏడు గంటలు. ఆ వయసుకు తొమ్మిదైనా కావాలి. నిద్ర చాలని పిల్లాడు క్లాసులో కిటికీ వైపు చూస్తే అది ఏకాగ్రత లోపం ఎలా అవుతుంది?

ఐఐటీ మాటకొస్తే, జేఈఈ ప్రశ్నలు వచ్చేది ఇంటర్ రెండేళ్ళ సిలబస్ నుంచి. పదహారేళ్ళు నిండని పిల్లల్ని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. అవి కోచింగ్ సెంటర్ల కోసం రాసినవే, నిజమే. కానీ పదహారు దాకా ఆగమన్న చోట మనం పదకొండుకే మొదలుపెట్టాం కదా! ఏడో తరగతిలో భిన్నాలు బాగా వస్తే చాలు. ఆ కొట్టేసిన లెక్క మాత్రం ఒకసారి చూడండి, హారాలు సమానం చేయడం దగ్గర ఆగిపోయాడు. ఆదివారం అరగంట కూర్చుంటే సరిపోతుంది.

ఏం చేయాలంటే, స్కూలుకి వెళ్ళి ఫౌండేషన్ నుంచి మామూలు సెక్షన్‌కి మార్చమని, సాయంత్రం స్టడీ అవర్ లేకుండా పంపమని కాగితం మీద రాసివ్వండి. ముందు కుదరదంటారు. కట్టిన ఫీజు వెనక్కి రాకపోవచ్చు కూడా. అయినా అడగండి. ససేమిరా అంటే ఈ ఏడాది ఎలాగో లాగించి, వచ్చే ఏడు గ్రౌండ్ ఉన్న స్కూలు వెతకండి. జిల్లా పరిషత్ హైస్కూలైనా వెళ్ళి చూసి రండి, చిన్నతనం ఏమీ లేదు. హాస్టల్ మాట మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. బస్సెక్కనని మారాం చేసే పిల్లాడికి ఇల్లే లేకుండా చేస్తే ఏమవుతుందో నేను చాలామందిలో చూశాను.

ఈత నేర్పించండి. నీళ్ళంటే ఇష్టమున్న పిల్లాణ్ని నీళ్ళకు దూరంగా ఉంచడం ఎల్లకాలం కుదరదు. వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు కాబట్టి, అప్పుడు కొలనులోనో, నీళ్ళున్న చోట మీ వారి చెయ్యి పట్టుకునో నేర్చుకోవచ్చు. చలికాలంలో ఒక ఆదివారం గుంటూరు దగ్గర ఉప్పలపాడు తీసుకెళ్ళండి. ఊరి చెరువులో తుమ్మచెట్ల మీద గూడబాతులు, కొంగలు గుంపులుగా ఉంటాయి. మీ ఊరికి దూరమేమీ కాదు, పెద్ద ఖర్చూ లేదు. ఒక నోట్‌బుక్ కొనివ్వండి, స్కూలుది కాకుండా.

ఊరి మీద కూడా మరీ భ్రమలు పెట్టుకోకండి. వేసవి సెలవులు మొత్తం అక్కడే ఉంచితే ఇరవయ్యో రోజుకి బోర్ కొడుతోందని వాడే అంటాడు. అననివ్వండి.

ఒకవేళ వాడు పిట్టల్ని కూడా పట్టించుకోవడం మానేసి, తిండి తగ్గించి, మాటలు తగ్గించి, "నేను లేకపోతే బాగుండు" లాంటివి అంటే మాత్రం ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మంచి సైకాలజిస్టును కలవండి.

చివరికి ఆ పేజీలో వాడడిగిన ప్రశ్న మిగిలింది. గుండె మీద రెండు గీతలున్నది మగది. ఒకటే ఉండి, మధ్యలో తెగినట్టు కనిపించేది ఆడది. ఆ సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు, తేడా తనే పట్టుకున్నాడు. ఈ రాత్రి చెప్పండి. వాళ్ళ నాన్నతో చెప్పిస్తే ఇంకా మంచిది.