నాలుగు రెడ్ ఎంట్రీలు పడితే ఉద్యోగం పోయినట్టేనా?

ప్రశ్న: మా తమ్ముడు ఆర్మీలో పదకొండేళ్లుగా సిపాయి. తాగి డ్యూటీకి వచ్చాడని నాలుగు రెడ్ ఇంక్ ఎంట్రీలు (సర్వీస్ రికార్డులో ఎర్ర సిరాతో రాసే శిక్షలు) వేసి ఇంటికి పంపేశారు. మళ్లీ అవకాశం ఉంటుందా? - ఓ అక్క, బొబ్బిలి

జవాబు: ముందు ఆర్డర్‌లో ‘డిశ్చార్జ్’ (సర్వీస్ నుంచి విడుదల) అని ఉందో ‘డిస్మిస్’ (శిక్షగా బర్తరఫ్) అని ఉందో చూడండమ్మా. రెండూ ఒకటి కావు, డిస్మిస్ చాలా బరువైనది. పెన్షన్‌కే ఎసరు.

నాలుగు ఎంట్రీలు పడ్డాయి కదా అని ఆటోమేటిక్‌గా తీసేయడానికి లేదు. వీరేంద్ర కుమార్ దూబే కేసులో 2015లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. షోకాజ్ నోటీసిచ్చి, విచారణ జరపాలి. ఒక్కో ఎంట్రీ ఏ తప్పుకు పడిందో, ఎన్నేళ్లు చేశాడో, ఎలాంటి కష్టమైన చోట్ల పనిచేశాడో కమాండింగ్ ఆఫీసర్ చూడాలి. మీవాడి కాగితాల్లో ఆ విచారణ ఊసే లేకపోతే కేసుకు పట్టు అక్కడే.

ముందు ఆర్మీ పైఅధికారులకు రాతపూర్వక అర్జీ పెట్టండి, నకలు దాచండి. తిరస్కరిస్తే, ఆ ఉత్తర్వు తేదీ నుంచి 6 నెలల్లో సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. మనకు చెన్నై బెంచ్. చాలామంది చేతులారా పోగొట్టుకునేది ఈ గడువునే.

15 ఏళ్లు నిండలేదు కాబట్టి సర్వీస్ పెన్షన్ రాదు. డిశ్చార్జ్ అయితే గ్రాట్యుటీ సంగతి రికార్డ్ ఆఫీసుకు రాసి అడగండి. ఈలోగా మందు మాన్పించే చికిత్స మొదలుపెట్టించి, ఆ చీటీలూ ఫైల్లో పెట్టండి.