పొదిగే పావురాలకు చలికన్నా గాలాడకపోవడమే చేటు

మీరు చెప్పినదాన్ని బట్టి మీ పావురాల గది 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. అందులో 10 జతలు. చలికి భయపడి కిటికీకి పాలిథిన్ పట్టా కట్టేశారు. ఇప్పుడు గుడ్లు పగులుతున్నాయి, పిల్లలు పది రోజులు దాటకుండానే పోతున్నాయి, మందులు వేసినా గుణం లేదు. ఏ మందు వాడాలని అడిగారు. నన్నడిగితే ముందు ఆ పట్టా ఊడదీయండి.

నేనూ మొదటి చలికాలం ఇలాగే చేశాను. సందు కనిపిస్తే చాలు, గోనెపట్టా కుక్కేశాను. పెద్దవాటికి కళ్ళు చెమర్చడం, తుమ్ములు. పిల్లలు ఒక్కొక్కటే రాలిపోయాయి. జబ్బేమిటో తెలియక నెల రోజులు కొట్టుకున్నాను. ఒకరోజు తెల్లవారుజామున కింది వరస గూడు గీకుదామని చతికిలబడ్డాను, రెండు నిమిషాల్లో నా కళ్ళలోంచి నీళ్ళు. నిలబడితే తెలియని ఘాటు కింద కూర్చుంటే తెలిసింది. పిల్లలు రాత్రంతా పీల్చింది ఆ గాలే.

అందుకే ఇప్పుడు కొత్త గది ఎవరు చూపించినా పగలు వెళ్ళను. తెల్లవారకముందు, ఇంకా తలుపు తెరవని గదిలోకి దూరి, గూడు ఎత్తులో ముఖం పెట్టి గాలి పీలుస్తాను. ముక్కు మండితే రెట్టల్లోంచి అమ్మోనియా లేస్తున్నట్టు. పైకప్పు రేకు లోపలివైపు చెయ్యి పెట్టి చూస్తాను. తడి తగిలితే రాత్రంతా వదిలిన ఊపిరి బయటికి పోయే దారి లేదన్నమాట. ఆరోగ్యంగా ఉన్న పావురం ఈకలు ఉబ్బించుకుని పొడి చలిని తట్టుకుంటుంది. దాని ఒంటి వేడి 41 డిగ్రీల దాకా ఉంటుంది మరి. తడిని, ఘాటుని మాత్రం తట్టుకోలేదు.

అలాగని గాలి నేరుగా గూట్లోకి కొట్టకూడదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి, ముందువైపు గోడకి అడుగున ఒక జాలీ, ఎదుటి గోడకి కప్పు కింద పొడవుగా ఇంకో సందు ఉంచండి. గూళ్ళు కింది జాలీకి ఎదురుగా కాకుండా పక్క గోడకి ఉండాలి. సరిగ్గా కుదిరిందో లేదో చూడ్డానికి రాలిన సన్న ఈక ఒకటి దారానికి కట్టి వేలాడదీయండి. పై సందు దగ్గర అది ఊగాలి, గూట్లో ఊగకూడదు. జాలీ కన్ను పెద్దదైతే పిచ్చుకలు, చిన్న ఎలుకలు దూరతాయి. దోమలు పావురాలకొచ్చే మశూచి అంటిస్తాయి, అవి ఎక్కువున్న చోట సన్న వల వెయ్యక తప్పదు. కాకపోతే పావురాల దుమ్ముకి సన్న వల తొందరగా పూడిపోతుంది, వారానికోసారి బ్రష్ పెట్టి దులపకపోతే అదీ పాలిథిన్ పట్టాతో సమానమే.

ఇక చోటు సంగతి. మీరు 10 జతలంటే 20 పావురాలని లెక్క వేసుకున్నారు. జతకి రెండేసి పిల్లలు, అంటే ఒక దశలో ఆ 24 చదరపు అడుగుల్లో 40 ప్రాణాలుంటాయి. నేను జతకి 4 చదరపు అడుగులు వదులుతాను, ఆ లెక్కన మీ గదికి 6 జతలే.

మీ గుడ్లు పగలడానికి ఇంకో కారణం ఉందనుకుంటున్నాను. పిల్లలు ఇంకా మేత అందుకుంటుండగానే, రెండు మూడు వారాల వయసులో, పెట్ట మళ్ళీ గుడ్లకి సిద్ధమవుతుంది. ఉన్నది ఒకటే అర అయితే ఆ పిల్లల మధ్యే పెడుతుంది. అవి తొక్కి పగలగొడతాయి. అందుకని జతకి రెండు అరలు కావాలి. నేను 2 అడుగుల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు, అంతే లోతున్న పెట్టెకి మధ్యలో పలక అడ్డం పెడతాను. ముందు 3 అంగుళాల చెక్క అంచు ఉంటే పిల్లలు కింద పడవు. 6 జతలకి 8 పెట్టెలు పెట్టండి. సరిగ్గా 6 పెడితే పోతులు పై వరస కోసం తన్నుకుంటాయి, ఆ తన్నులాటలో పోయేవీ గుడ్లే. జత లేని పోతు ఒక్కటున్నా సరే, వేరే గదికి మార్చండి.

గది బయట జాలీతో చిన్న వసారా కట్టగలిగితే ఇంకా మేలు. ఎండ తగులుతుంది, స్నానపు తొట్టె అక్కడే పెడితే లోపల తడి ఉండదు.

ఇవన్నీ ఒక్కరోజులో చెయ్యకండి. పట్టా మాత్రం ఇవాళే, పైసగం వరకు విప్పండి. పొదుగుతున్న జతల్ని కదిలిస్తే గుడ్లు వదిలేసి పోతాయి, పొదుగుడు 18 రోజులే కదా, ఆగండి. పిల్లలు సొంతంగా గింజ తినడం మొదలెట్టాక, అంటే నెల దాటాక, ఎక్కువైన జతల్ని తియ్యండి. పాత రెట్టలు గీకేటప్పుడు కాస్త నీళ్ళు చిలకరించి, ముక్కుకి మాస్క్ కట్టుకోండి. ఆ దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే మనిషి ఊపిరితిత్తులు కూడా పాడవుతాయి. నేను మాస్క్ లేకుండా గీకిన రోజుల్లో సాయంత్రానికల్లా పొడిదగ్గు పట్టుకునేది, అదీ చలి వల్లే అనుకునేవాణ్ణి.