సర్వర్‌లోని టూల్ జీపీఎల్ అయితే మా కోడ్ సంగతేంటి?

ప్రశ్న: మేం నలుగురం కలిసి ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నాం. కోడ్ మా సొంత సర్వర్‌లోనే ఉండాలని, టీమ్ కోడ్‌ను ఒకచోట ఉంచి కలిసి పనిచేసుకునే ఫోర్జేయో అనే టూల్ పెట్టుకున్నాం. దాని లైసెన్స్ జీపీఎల్ (ప్రోగ్రామ్‌ను ఇంకొకరికి ఇస్తే దాని సోర్సు, అంటే అసలు కోడ్ కూడా ఇవ్వాలనేది) అని తెలిశాక టెన్షన్ పట్టుకుంది. మా కోడ్ కూడా అందరికీ ఇచ్చేయాలా? పెద్దగా షరతుల్లేని ఎంఐటీ లైసెన్స్ ఉన్న, ఇలాంటిదే అయిన గిటీ అనే టూల్‌కి మారిపోమంటారా?

జవాబు: మీ కోడ్ మీదే. నిశ్చింతగా ఉండండి. కోడ్‌లో మార్పుల చరిత్ర ఉంచడానికి మీరు రోజూ వాడే గిట్ కూడా జీపీఎల్ కిందే ఉంది. 2005లో అది పుట్టినప్పటి నుంచి ఎవరి కోడ్ లైసెన్సూ దానివల్ల మారలేదు. ఫోర్జేయో అయినా అంతే. ఆ ప్రోగ్రామ్‌ను మీరు ఇంకొకరికి ఇస్తేనే, మీ మార్పులతో సహా దాని సోర్సు కూడా వాళ్లకు ఇవ్వాలి. మీ సర్వర్‌లో మీరు నడుపుకుంటే ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. జీపీఎల్ కన్నా కాస్త కఠినమైన ఏజీపీఎల్ లైసెన్స్ ఉన్న టూల్ అయితే మాత్రం కాస్త చూసుకోవాలి. దాన్ని మార్చి నెట్‌వర్క్ మీద వాడకానికి పెడితే, వాడేవాళ్లకు మార్చిన ఆ టూల్ సోర్సు అందుబాటులో ఉంచాలి. అక్కడ కూడా సోర్సు అంటే ఆ టూల్ సోర్సే, మీ బిల్లింగ్ కోడ్ కాదు.

గిటీకి మారడం నాకు ఇష్టం లేదు. 2022 అక్టోబరులో గిటీ పేరు, డొమైన్ ఒక కంపెనీ చేతికి వెళ్లాయన్న సంగతి బయటపడింది. గిటీకి కోడ్ రాసేవాళ్లలో చాలామందికి అప్పటిదాకా తెలియదు. గిటీ కోడ్ నుంచే విడిపోయి ఫోర్జేయో పుట్టింది అందుకే. మొదట్లో ఎంఐటీ కిందే ఉండేది, 2024లో 9వ వెర్షన్ నుంచి జీపీఎల్‌కి మారింది. ఎంఐటీ కోడ్‌ను ఎవరైనా తీసుకుని సోర్సు ఇవ్వకుండా మూసిన సరుకుగా అమ్ముకోవచ్చు, జీపీఎల్ కోడ్‌తో అది కుదరదు. మీరు భయపడుతున్న లైసెన్సే మీకు రక్షణ. పైగా గిటీ 1.22 వెర్షన్ దాటాక ఫోర్జేయోకి నేరుగా తిరిగి రాలేరు.

నన్నడిగితే మీరు టెన్షన్ పడాల్సింది బ్యాకప్ గురించి. మా టీమ్ సర్వర్ డిస్క్ పోయిన రోజు కోడ్ ఒక్క లైను కూడా పోలేదు, అందరి మెషీన్లలో క్లోన్ (కోడ్ పూర్తి కాపీ) ఉంది. కానీ రెండేళ్ల బగ్ చర్చలన్నీ పోయాయి. ఇష్యూలు (నమోదు చేసిన బగ్‌లు), పుల్ రిక్వెస్టుల (మార్పును కలపమని అడిగేవాటి) మీద మాటలు ఉండేది ఆ టూల్ డేటాబేస్‌లో, క్లోన్‌లోకి రావు. ఏ బగ్ ఎందుకు అలా సరిచేశామో ఇప్పటికీ కొన్నిచోట్ల మాకు తెలియదు. రోజూ రాత్రి డేటాబేస్‌ను, రిపాజిటరీలను (కోడ్, దాని చరిత్ర ఉండేవి) కలిపి వేరే మెషీన్‌కి కాపీ చేయించండి. ఈ వారంలోనే ఆ కాపీతో ఖాళీ మెషీన్‌లో ఫోర్జేయో లేపి, పాత ఇష్యూ ఒకటి తెరిచి చూడండి.