న్యూజిలాండ్ దక్షిణ దీవికి ముగ్గురు, 12 రాత్రులు: అప్పు అక్కర్లేదు

ప్రశ్న: మేం ఇద్దరం ఉద్యోగులం. పాపకు అయిదేళ్లు. ఈఎంఐ, ఇంటి ఖర్చు, పాప చదువు కోసం నెలనెలా కట్టే 10 వేల సిప్ పోను 45 వేల దాకా మిగులుతుంది. ఎమర్జెన్సీ ఎఫ్‌డీ 6 లక్షలు ఉంది. టూర్ కోసం విడిగా దాచింది లక్షన్నర. సెప్టెంబర్‌లో పన్ను పోను 1.6 లక్షల బోనస్ వస్తుంది. వచ్చే వేసవి సెలవుల్లో న్యూజిలాండ్ దక్షిణ దీవి చూడాలని ఉంది. కొండలు, సరస్సులు, సముద్రం అన్నీ ఒకే ప్రయాణంలో వస్తాయని. ట్రావెల్ ఏజెంట్ ముగ్గురికి 9.8 లక్షలు, జీఎస్టీ అదనం అన్నారు. విమానం టికెట్ విడిగా చూస్తే మనిషికి 92 వేలు ఉంది. బ్యాంకు 5 లక్షల పర్సనల్ లోన్ 14 శాతానికి, మూడేళ్లకు ఇస్తానంటోంది. లోన్ తీసుకోవాలా, ఏడాది పాటు సిప్ ఆపాలా?

జవాబు: రెండూ వద్దు. మీకు ఇంకా 11 నెలల సమయం ఉంది. ఈ ప్రయాణంలో డబ్బంతా ఒక్కసారి కట్టాల్సిన పని లేదు. వీసాకు ఒక నెల, టికెట్లకు ఇంకో నెల, బసకు, కారుకు అక్కడికి వెళ్లాక. ఏ నెలలో ఎంత కావాలో తెలిస్తే మీ ఆదాయంతోనే సరిపోతుంది.

ముందు లోన్ సంగతి. 5 లక్షలకు 14 శాతం చొప్పున 36 నెలల ఈఎంఐ దాదాపు 17,090. కట్టే మొత్తం 6.15 లక్షలు. అంటే వడ్డీకే 1.15 లక్షలు, ప్రాసెసింగ్ ఫీజు వేరు. కింద వేసిన లెక్కలో బస ఖర్చు మొత్తం ఇంచుమించు అంతే. సిప్ ఆపితే పోయేది ఇంకా పెద్దది. ఏడాదికి 1.2 లక్షలు. పాప కాలేజీకి వెళ్లే దాకా 12 ఏళ్లు సగటున 11 శాతం పెరిగిందనుకుంటే అది 4 లక్షలు దాటుతుంది. ఎఫ్‌డీ జోలికి కూడా వెళ్లకండి, దానికి ఇంకో ఉపయోగం ఉంది, కింద రాశాను.

ఏజెంట్ చెప్పిన 9.8 లక్షల మీద 5 శాతం జీఎస్టీ 49 వేలు. విదేశీ టూర్ ప్యాకేజీ కాబట్టి దాని మీద టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు. 2025 ఏప్రిల్ నుంచి ఏడాది పాటు 10 లక్షల వరకు 5 శాతం, ఆపైన 20 శాతం ఉండేది. 2026 బడ్జెట్‌లో దాన్ని ఎంత మొత్తానికైనా 2 శాతం చేశారు. మీ లెక్కకు అది 20 వేల పైచిలుకు. మొత్తం చేతి నుంచి వెళ్లేది 10.5 లక్షలు. టీసీఎస్ మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్‌లో సర్దుకోవచ్చు. అది నష్టం కాదు, కానీ కొన్ని నెలలు మీ చేతిలో ఉండదు.

మీరే ప్లాన్ చేసుకుంటే ఒక్క విషయం గుర్తుంచుకోండి. విమానం టికెట్ ఒక్కటే కొంటే ప్యాకేజీ కిందికి రాదు. అదే బిల్లులో హోటల్ కూడా కలిపితే ప్యాకేజీ అవుతుంది, టీసీఎస్ పడుతుంది. ఫారెక్స్ కార్డులో వేసే డబ్బు, విదేశాల్లో ఖర్చుకు డబ్బు పంపుకునే ఆర్‌బీఐ ఎల్ఆర్ఎస్ పథకం కిందకు వస్తుంది. దాని మీద ఏడాదికి మనిషికి 10 లక్షలు దాటితేనే టీసీఎస్, మీకు ఆ సమస్య లేదు.

ఇక ప్రయాణం ఎప్పుడు అన్నది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ ఎండాకాలం, రద్దీ, గదుల రేట్లు ఆకాశంలో. మన వేసవి సెలవులు మొదలయ్యే ఏప్రిల్ చివరి వారం వాళ్లకు ఆకురాలు కాలం. వానాకా, యారోటౌన్ ఊళ్లలో చెట్లు బంగారు రంగులో ఉండే రోజులు అవే. అక్కడి బడులకు సాధారణంగా ఏప్రిల్ మధ్య నుంచి రెండు వారాలు సెలవులుంటాయి. ఏప్రిల్ 25 ఆంజాక్ డే (యుద్ధాల్లో చనిపోయిన సైనికుల స్మారక దినం), ఆ రోజు మధ్యాహ్నం ఒంటి గంట దాకా చాలా షాపులు తెరవరు. కొన్ని హోటళ్లు పండగ సర్‌చార్జ్ కూడా వేస్తాయి. కాబట్టి ఈ రెండూ దాటాక దిగేలా చూసుకోండి. అప్పటికి పగలు చిన్నదవుతుంది, సాయంత్రం అయిదున్నరకే చీకటి పడుతుంది. రోజుకు నాలుగు గంటల కంటే ఎక్కువ డ్రైవింగ్ పెట్టుకోవద్దు.

దారి ఇలా వేసుకుంటే బాగుంటుంది. క్రైస్ట్‌చర్చ్‌లో దిగి అక్కడే ముగించండి, కారు ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో వదిలితే వేసే వన్‌వే ఫీజు తప్పుతుంది. మొదటి రాత్రి క్రైస్ట్‌చర్చ్. రాత్రంతా విమానంలో ఉండి, అక్కడి గడియారం మనకంటే ఆరున్నర గంటలు ముందుండగా, దిగిన రోజే కారు నడపడం ప్రమాదం. తర్వాత టెకాపోలో ఒక రాత్రి, ట్వైజెల్‌లో ఒక రాత్రి. 3,724 మీటర్ల ఔరాకీ మౌంట్ కుక్ పాదాల దగ్గరి గ్రామానికి పుకాకి సరస్సు ఒడ్డునే రోడ్డు వెళుతుంది. ఆ గ్రామంలో గదులు తక్కువ, రేటు ఎక్కువ. 65 కిలోమీటర్ల ఇవతల ట్వైజెల్‌లో ఉండటమే మేలు. ఆ తర్వాత క్వీన్స్‌టౌన్ రెండు, టే అనౌ రెండు, వానాకా ఒకటి, హాస్ట్ కనుమ దాటి పడమటి తీరంలో ఫ్రాంజ్ జోసెఫ్ రెండు, హోకిటికా ఒకటి. ఆర్థర్స్ పాస్ మీదుగా వెనక్కి వచ్చి క్రైస్ట్‌చర్చ్‌లో చివరి రాత్రి. మొత్తం 12 రాత్రులు, అటూ ఇటూ తిరగడం కలిపి 1,900 కిలోమీటర్లు.

ఫ్రాంజ్ జోసెఫ్‌లో రెండో రాత్రి వృథా అనిపించవచ్చు, దాన్ని తీసేయకండి. పడమటి తీరంలో వానలు విపరీతం. టే అనౌ నుంచి చూసొచ్చే సముద్రపు పాయ మిల్‌ఫర్డ్ సౌండ్‌లో ఏడాదికి 6,000 మిల్లీమీటర్లకు పైనే కురుస్తుంది. కొండచరియలు పడి హాస్ట్ రోడ్డు మూసేస్తే మీరు మళ్లీ తూర్పు వైపు చుట్టి రావాలి. అందుకే పడమటి తీరం గదులు, చివరి నిమిషం దాకా ఉచితంగా రద్దు చేసుకునేవే బుక్ చేయండి. రాత్రికి పది, పదిహేను డాలర్లు ఎక్కువైనా సరే.

ఇప్పుడు లెక్క. న్యూజిలాండ్ డాలర్‌కు 55 రూపాయలు వేశాను, రేటు కాస్త కదిలినా తట్టుకునేలా.

విమానాలు 2.76 లక్షలు. వీసా ఫీజు 341 డాలర్లు, దానికి పర్యాటక లెవీ 100. ఈ లెవీ 2024 అక్టోబర్‌కు ముందు 35 ఉండేది. తలకు 441 చొప్పున ముగ్గురికీ వేసుకుంటే 73 వేలు, వీసా సెంటర్ చార్జీతో 75 వేలనుకోండి. కారు రోజుకు 75, పూర్తి కవర్‌కు 30, 12 రోజులకు 1,260 డాలర్లు. పెట్రోల్ వంద కిలోమీటర్లకు 8 లీటర్ల చొప్పున 152 లీటర్లు, లీటర్ 3 డాలర్లు అనుకుంటే 456. రెండూ కలిపి 94 వేలు. వంటగది ఉన్న మోటెల్ గది లేదా హాలిడే పార్క్ క్యాబిన్ సగటున 190 చొప్పున 1.25 లక్షలు. తిండికి రోజుకు 100 డాలర్లు, 66 వేలు. టికెట్లు, పడవలకు 900 డాలర్లు, అంటే 49,500. ట్రావెల్ ఇన్సూరెన్స్ 9 వేలు. సిమ్, పార్కింగ్, పాప సీటు, బట్టలుతకడం 250 డాలర్లు, 14 వేలు. మొత్తం 7.09 లక్షలు. దీనికి 8 శాతం చేతిలో ఉంచుకుంటే 7.65 లక్షలు. గ్లేసియర్ మీదికి హెలికాప్టర్ ఇందులో లేదు. అది కావాలంటే బోనస్ ఎక్కువ వచ్చిన ఏడాది చూసుకోండి.

డబ్బు సమకూర్చుకునే పద్ధతి. మే నుంచి మార్చి దాకా నెలకు 42 వేలు పక్కన పెట్టండి, 4.62 లక్షలు అవుతుంది. దాచిన లక్షన్నర, బోనస్ 1.6 కలిపితే 7.72. ఒకే పెద్ద ఆర్‌డీ వేయకండి, మధ్యలో తీస్తే వడ్డీ కోత పడుతుంది. 30 వేలది ఎనిమిది నెలలకు ఒకటి, 12 వేలది పదకొండు నెలలకు ఒకటి వేయండి. మొదటిది జనవరిలో చేతికొస్తుంది, 2.4 లక్షలు. లక్షన్నరతో కలిపి వీసా, టికెట్లు రెండూ అయిపోతాయి, ఇంకా 39 వేలు మిగులుతాయి. జనవరి నుంచి ఆ 30 వేలతో నెలనెలా ఫారెక్స్ కొనండి. మూడు విడతల్లో కొంటే రేటు సగటున పడుతుంది. ఏడాది లోపు వాడే డబ్బు కాబట్టి ఈక్విటీ ఫండ్ మాట తలవకండి.

డిసెంబర్‌లో వీసాకు పెట్టండి, వచ్చాకే టికెట్. తక్కువ రేటని రీఫండ్ లేని టికెట్ ముందే కొనడం ఎక్కువమంది చేసే పొరపాటు. వీసా తిరస్కరిస్తే ఫీజూ పోతుంది, టికెట్టూ పోతుంది. నెలకు మనిషికి 1,000 డాలర్లు, బస ముందే చెల్లించి ఉంటే 400 డాలర్లు ఉన్నట్టు చూపించాలి. మీ ఎఫ్‌డీ ఇక్కడ పనికొస్తుంది, కదపకుండా రసీదు జత చేయండి. దరఖాస్తుకు వారం ముందు బంధువుల దగ్గర తెచ్చి ఖాతాలో లక్షలు వేయడం అనుమానానికి దారి.

టికెట్ ఒకే పీఎన్ఆర్ మీద సింగపూర్ మీదుగా దొరుకుతుంది, విమానాశ్రయం బయటికి రాకపోతే అక్కడ వీసా అక్కర్లేదు. విడివిడి టికెట్లు కొంటే సామాను తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి, అందుకు సింగపూర్‌లోకి ప్రవేశించే అనుమతి ఉండాలి. సిడ్నీ, మెల్‌బోర్న్ మీదుగా చవగ్గా కనిపించే టికెట్‌కు ఆస్ట్రేలియా ట్రాన్సిట్ వీసా ఉండాలి. అది లేకపోతే చెకిన్ కౌంటర్ దగ్గరే ఆగిపోవచ్చు.

కారు దగ్గర జాగ్రత్త ఎక్కువ అవసరం. అద్దె సంస్థ డిపాజిట్‌గా క్రెడిట్ కార్డు మీద కొంత మొత్తం ఆపి ఉంచుతుంది. ఆ కార్డు నడిపేవాళ్ల పేరు మీదే ఉండాలి, లిమిట్ ఖాళీగా ఉండాలి. ఫారెక్స్ కార్డు చాలాచోట్ల ఒప్పుకోరు. కవర్ తీసుకోకపోతే ప్రమాదంలో మీరు భరించాల్సిన ఎక్సెస్ వేల డాలర్లలో ఉంటుంది. రోజుకు 30 డాలర్లు అందుకే వేశాను. కవర్ ఉన్నా క్వీన్స్‌టౌన్ దగ్గరి స్కిప్పర్స్ రోడ్డులోకి వెళ్తే అది చెల్లదు. డీజిల్ బండికి కిలోమీటర్ల లెక్కన రోడ్ యూజర్ చార్జ్ విడిగా వేస్తారు, పెట్రోల్ బండి అడగండి. ఏడేళ్లు నిండని పిల్లలకు చైల్డ్ సీటు చట్టప్రకారం తప్పనిసరి. పడమటి తీరంలో ఒక వరస వంతెనలు చాలా ఉంటాయి, ఎవరు ముందు వెళ్లాలో బోర్డు చెబుతుంది.

టే అనౌ నుంచి మిల్‌ఫర్డ్‌కు 120 కిలోమీటర్లు. మే నుంచి నవంబర్ దాకా ఆ రోడ్డు మీద మంచు గొలుసులు బండిలో ఉండాలి. ఆ ఒక్క రోజు కారు టే అనౌలో వదిలి, పడవ ప్రయాణం కలిపి ఉన్న బస్సు టికెట్ కొనండి. నడిపేవాళ్లు కూడా కొండలు చూస్తారు.

ఖర్చు పెట్టేటప్పుడు కార్డు మెషీన్ రూపాయల్లోనా డాలర్లలోనా అని అడిగితే ఎప్పుడూ న్యూజిలాండ్ డాలర్లే నొక్కండి. రూపాయలు ఎంచుకుంటే వాళ్లు పెట్టిన రేటే పడుతుంది. మామూలు క్రెడిట్ కార్డుకు 3.5 శాతం మార్కప్, దాని మీద జీఎస్టీ కలిపి 4.13 శాతం పోతుంది. ఫారెక్స్ కార్డు కొనేముందు అందులో న్యూజిలాండ్ డాలర్ ఉందో లేదో అడగండి, లేకపోతే అమెరికా డాలర్ల నుంచి మార్చి మళ్లీ చార్జి వేస్తారు. ధరల్లో 15 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది, టిప్పు ఇచ్చే అలవాటు అక్కడ లేదు.

పచ్చళ్లు, పొడులు తీసుకెళ్తారు కదా. న్యూజిలాండ్‌లో దిగేముందు నింపే ట్రావెలర్ డిక్లరేషన్‌లో తినే వస్తువులున్నాయని రాయండి. రాస్తే మహా అయితే ఆ డబ్బా తీసేసుకుంటారు. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్లు, అంటే 22 వేల జరిమానా.

ఇన్సూరెన్స్ టికెట్ కొన్న రోజే తీసుకోండి, ప్రయాణం రద్దయినా కవర్ ఉంటుంది. ప్రమాదంలో గాయపడితే న్యూజిలాండ్ ప్రభుత్వ ఏసీసీ పథకం పర్యాటకులకూ చికిత్స ఖర్చులో సాయం చేస్తుంది. జ్వరం, గుండెపోటు, తిరుగు ప్రయాణం దాని పరిధిలో లేవు.

రేటు 55 నుంచి 60కి పెరిగితే మీ డాలర్ ఖర్చు 7,670 మీద 38 వేలు ఎక్కువ పడుతుంది. చేతిలో ఉంచుకున్న 56 వేలలో అది సర్దుకుంటుంది. అంతకు మించితే ముందు పడవలు, టికెట్ల 900లో కోత పెట్టండి, ఆ తర్వాత క్వీన్స్‌టౌన్‌లో ఒక రాత్రి తగ్గించి ట్వైజెల్‌కు ఇవ్వండి. కారు కవర్, ఇన్సూరెన్స్ మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచండి.