విలియం షైరర్ నాజీ చరిత్రను జ్ఞాపకాల నుంచే రాశారా?

కాదు, ఈ అమెరికన్ విలేకరి నాజీ జర్మనీపై రాయగా 1960లో వచ్చిన ‘ద రైజ్ అండ్ ఫాల్ ఆఫ్ ద థర్డ్ రైక్’కు ప్రధాన ఆధారం, యుద్ధం చివర్లో మిత్రరాజ్యాల చేతికి చిక్కిన జర్మన్ ప్రభుత్వ పత్రాలు. బెర్లిన్‌లో అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్‌కు రేడియో విలేకరిగా ఉన్నప్పుడు షైరర్‌కు వీధులు కనిపించాయి, సభలు కనిపించాయి. మూసిన తలుపుల వెనుక మంతనాలు కనిపించలేదు. పైగా యుద్ధం మొదలయ్యాక ఆయన చదివే ప్రతి వార్తనూ సెన్సారు ముందే చూసేది. 1937 నవంబరు 5న హిట్లర్ తన సేనాధిపతులకు దండయాత్రల ఆలోచన వివరించిన సమావేశాన్నే తీసుకోండి: హోస్‌బాక్ అనే అధికారి రాసిన నివేదిక యుద్ధం తర్వాత నాజీ నేతలపై జరిగిన న్యూరెంబర్గ్ విచారణలో బయటపడ్డాకే లోకానికి ఆ సంగతి తెలిసింది. చాలామంది ఈ పుస్తకాన్ని 1941లో వచ్చిన ఆయన దినచర్య పుస్తకం ‘బెర్లిన్ డైరీ’కి విస్తరణ అనుకుంటారు. అది వేరే పుస్తకం. అయితే 1940లో కాంపియేన్‌లో ఫ్రాన్స్ లొంగుబాటును దగ్గరుండి చూసిన విలేకరి కన్ను ఆ పత్రాలకు ప్రాణం పోసిందన్నది మాత్రం నిజం.